ముసలి కుక్కకు చేతి సాయం

అనంతపురం జిల్లాలో ఒక చిన్న పల్లె. ఆ పల్లెలో గొర్రెలు మేపుకునే ఇల్లు ఒకటి ఉంది. ఇంట్లో అత్త, కోడలు, కొడుకు, ఇద్దరు పిల్లలు. దొడ్డిలో నలభై గొర్రెలు. దొడ్డి ముందు ఒక కుక్క. దాని పేరు రాజు.

రాజును తెచ్చింది మామ. కళ్ళు తెరిచిన కొత్తలో, చంకన పెట్టుకొని తెచ్చాడు. అది పదకొండేళ్ళ కిందటి మాట. మామ పోయి మూడేళ్ళయింది. రాజు మాత్రం రోజూ రాత్రి దొడ్డి వాకిట్లోనే పడుకుంటుంది. తోడేలు వాసన తగిలితే చాలు, ఊరంతా లేచేలా మొరుగుతుంది. ఈ పదకొండేళ్ళలో ఆ దొడ్డిలో ఒక్క గొర్రె కూడా పోలేదు.

ఆ ఏడు చలి గట్టిగా పడింది. ఒకరోజు పొద్దున కోడలు సంగటి ముద్ద తెచ్చి పిలిచింది. రాజు తల ఎత్తింది. తోక ఆడించింది. ముందు కాళ్ళు ఆనించి లేవబోయింది. వెనక కాళ్ళు లేవలేదు. జారి కూలబడింది.

కొడుకు వచ్చి చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇంక దీంతో పని కాదు. చెరువు అవతల వదిలేసి వస్తా. కొత్త కూన ఒకటి తెచ్చుకుందాం" అన్నాడు.

"మీ నాయన తెచ్చినాడు రా దాన్ని" అంది అత్త.

"నాకు మాత్రం ఇష్టమా అమ్మా? రేపు తోడేలు వస్తే దొడ్డికి కాపలా ఎవరు?"

అతని మాటలోనూ న్యాయం ఉంది. నలభై గొర్రెలే ఆ ఇంటికి ఆధారం.

కొడుకు లోపలికి పోయి ఒక మాత్రల పట్టీ తెచ్చాడు. "నా నడుము నొప్పికి ఇచ్చిన మాత్రలు. సగం తుంచి సంగట్లో పెట్టు. చూద్దాం" అన్నాడు.

కోడలు పట్టీ అందుకొంది. అటూ ఇటూ తిప్పింది. పేరు ఇంగ్లీషులో ఉంది. కోడలు రాత్రి బడిలో తెలుగు నేర్చుకుంది. ఇంగ్లీషు ఇంకా రాదు. బడిలో చెప్పిన మాట ఒకటి గుర్తొచ్చింది. పేరు చదవలేని మందు ఎవరి నోట్లోనూ వేయకూడదు.

"వద్దు. డాక్టరమ్మకు చూపిద్దాం" అంటూ పట్టీని కొంగున ముడి వేసుకుంది.

పశువుల ఆసుపత్రిలో

అత్తా కోడళ్ళు రాజును బొంతలో పడుకోబెట్టారు. చెరో పక్క పట్టుకొని ఆటో ఎక్కించారు. మండలంలోని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయారు.

డాక్టరమ్మ రాజును తూకం వేసింది. ఇరవై నాలుగు కిలోలు. నోరు చూసింది. జ్వరం చూసింది. ఒక్కో కాలినీ మెల్లగా మడిచి చూసింది. తుంటి దగ్గరికి వచ్చేసరికి రాజు మూలిగింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

"ఈ రోజే మేడమ్" అంది కోడలు.

అత్త కాసేపు ఆలోచించింది. "కాదులేమ్మా. పోయిన వానకాలం నుంచే పడుకొని లేచేటప్పుడు బిగుసుకుపోయేది. నాలుగడుగులు వేస్తే సర్దుకొనేది. అరుగు ఎక్కడం మానేసింది. తుంటి నాక్కుంటూ ఉండేది. మేమే పట్టించుకోలేదు" అంది.

"ఇవన్నీ కీళ్ళ నొప్పి గుర్తులే. కుక్క నొప్పి అని చెప్పలేదు కదా! ఇలాగే చెబుతుంది" అంది డాక్టరమ్మ.

కోడలు కొంగు ముడి విప్పి పట్టీ చూపించింది. డాక్టరమ్మ చదివింది.

"ఇది వేశారా?"

"లేదు మేడమ్. పేరు తెలియక వేయలేదు."

"మంచి పని చేశావమ్మా. ఇది డైక్లోఫెనాక్. మనుషుల నొప్పి మాత్ర. కుక్కకు వేస్తే కడుపులో పుండ్లు పడతాయి. లోపల రక్తం కారుతుంది. మూత్రపిండాలు చెడిపోతాయి. ప్రాణం పోవచ్చు."

ఆ మందుకు ఇంకో కథ కూడా ఉంది. ఒకప్పుడు మన పల్లెల్లో రాబందులు గుంపులుగా తిరిగేవి. నొప్పులు తగ్గాలని పశువులకు ఈ మందు వేసేవారు. ఆ పశువు చస్తే రాబందులు దాన్ని తినేవి. మాంసంలో మిగిలిన మందు వాటి మూత్రపిండాలను చెడగొట్టింది. రాబందులు లక్షల్లో చచ్చిపోయాయి. అందుకే 2006లో మన ప్రభుత్వం పశువుల కోసం ఈ మందు తయారు చేయడాన్ని ఆపించింది. మనిషికి మందు అయినది మరో ప్రాణికి విషం కావచ్చు.

డాక్టరమ్మ రాజు బరువును బట్టి కుక్కల మాత్రలు ఐదు రోజులకు ఇచ్చింది. పోయిన ఏడు పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించలేదని తెలిసి, ఆ టీకా కూడా వేసింది. ఈ టీకా కూనకు మూడు నెలల వయసులో మొదలుపెట్టాలి. ఆ తర్వాత ప్రతి ఏడూ వేయించాలి.

"ముసలితనం మందుతో పోదు. కానీ నొప్పి తగ్గించవచ్చు. మీ చేతులతో మీరే చేయగలరు. నేను చేసి చూపిస్తా. చూసి నేర్చుకోండి" అంది డాక్టరమ్మ.

ఒక కాగితం తీసి, చేయవలసిన పనులు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. కోడలు అక్కడే నిలబడి ఒకసారి పైకి చదివింది. ఒక్క మాట దగ్గర ఆగింది. అడిగి తెలుసుకొని మళ్ళీ చదివింది.

కీలు అంటే ఏమిటి?

రెండు ఎముకలు కలిసే చోటు కీలు. ఎముకల చివర నున్నని పొర ఉంటుంది. మధ్యలో జిగురు లాంటి నీరు ఉంటుంది. బండి ఇరుసుకు కందెన ఎలాగో, కీలుకు ఇది అలాగ. వయసు మీద పడితే ఆ పొర అరుగుతుంది. అప్పుడు కదిలితే నొప్పి. నొప్పి అని కదలకపోతే కండ సన్నబడుతుంది. కండ సన్నబడితే కీలు మీద ఇంకా బరువు పడుతుంది. నొప్పి ఇంకా పెరుగుతుంది.

మర్దన వల్ల అరిగిన పొర తిరిగి రాదు. బిగుసుకున్న కండ మాత్రం వదులవుతుంది. కాలు ఆడిస్తే కీలు పట్టేయకుండా ఉంటుంది.

కుక్క కాలు మన కాలు లాంటిదే. కాకపోతే కుక్క వేళ్ళ మీద నడుస్తుంది. వెనక కాలు మధ్యలో వెనక్కి వంగి కనిపించేది దాని మోకాలు కాదు. అది మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట దగ్గర ఉంటుంది. ఇది తెలియక కాలిని తప్పు వైపు వంచకూడదు.

ఇంకో సంగతి. కుక్క బరువులో సగం కంటే ఎక్కువ ముందు కాళ్ళ మీదే ఉంటుంది. వెనక కాళ్ళు నొప్పి పెడితే ముందు కాళ్ళు మరింత బరువు మోస్తాయి. అందుకే నొప్పి తుంటిలో ఉన్నా భుజాలు కూడా అలసిపోతాయి. భుజాలకూ మర్దన చేయాలి.

తొందరపడితే ఏమయింది?

అత్తకు ఒళ్ళు పట్టడం బాగా తెలుసు. ఊళ్ళో ఎంతోమంది పసిపిల్లలకు నూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి నీళ్ళు పోసింది. "నాకు చెప్పాలా?" అనుకుంది. ఇంటికి వచ్చిన సాయంత్రమే రాజు పక్కన కూర్చుంది. పసిబిడ్డకు చేసినట్టే వెనక కాలు పట్టుకొని పక్కకు లాగింది.

రాజు గుర్రుమంది. పళ్ళు చూపించింది. అత్త చేయి వెనక్కి తీసుకుంది.

కొడుకు కర్ర అందుకున్నాడు. "కరవబోయింది చూడు!" అన్నాడు.

కోడలు అడ్డం వచ్చింది. కాగితం చూపించి చదివింది: "గుర్రుమంటే కొట్టవద్దు. చేయి ఆపండి."

గుర్రుమనడం కుక్క మాట. "ఇక్కడ నొప్పి, వదులు" అని దాని అర్థం. దానికి కొడితే, ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. గుర్రుమనక ముందు కూడా కుక్క చిన్న చిన్న గుర్తులు చూపిస్తుంది. తల చటుక్కున చేతి వైపు తిప్పుతుంది. పెదవులు నాక్కుంటుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది. ఒళ్ళు బిగబడుతుంది. కంటి తెల్లగుడ్డు కనబడుతుంది. వీటిలో ఏది చూసినా చేయి ఆపాలి.

"చేయి నాది. మాట దానిది. దాని మాట వినాల" అంది అత్త.

చేతులు వేసే ముందు

కాగితంలో మొదట రాసినవి ఇవి:

1. తిన్న వెంటనే చేయవద్దు. ఒక గంట, రెండు గంటలు ఆగండి.
2. మెల్లగా నాలుగడుగులు నడిపించి తర్వాత మొదలుపెట్టండి.
3. సందడి లేని చోట మెత్తగా బొంత పరవండి. నున్నటి బండల మీద వద్దు. కాళ్ళు జారతాయి.
4. గాజులు, ఉంగరాలు తీయండి. గోళ్ళు కత్తిరించుకోండి. చేతులు కడుక్కోండి.
5. నూనె వద్దు. వెంట్రుకలకు పట్టి దుమ్ము అంటుతుంది. కుక్క నాకుతుంది.
6. నొప్పుల మందు, కర్పూరం నూనె అసలే వద్దు. అవి నాకితే కుక్కకు విషం.
7. కిరసనాయిలు పూయవద్దు. పిడుదులు పడితే డాక్టరును అడిగి మందు వేయండి.

అయిదు పనులు

మొదటి పని – కాపడం. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి గట్టిగా పిండాలి. ముందు మీ మణికట్టుకు తాకించి చూసుకోవాలి. మీకు కాలితే దానికీ కాలుతుంది. తుంటి మీద పది నిమిషాలు ఉంచాలి. చల్లారితే మళ్ళీ ముంచాలి.

రెండో పని – నిమరడం. అరచేయి పరిచి మెడ నుంచి తోక మొదలు దాకా నిమరాలి. వెన్నెముక మీద నొక్కకూడదు. దానికి రెండు పక్కలా ఉన్న కండ మీద నిమరాలి. రెండు మూడు నిమిషాలు చాలు. కుక్క ఒళ్ళు వదులు చేస్తుంది. నిట్టూరుస్తుంది. అప్పుడు తర్వాతి పని.

మూడో పని – పిసకడం. తొడ కండ, భుజం కండ మెల్లగా పట్టి వదలాలి. ఎంత బలం పెట్టాలి? పండిన టమాటాను చేతిలో పట్టుకోండి. అది చితకకూడదు. అంతే బలం. తర్వాత వేళ్ళ కొసలతో చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. సున్నాలు కండ మీదే చుట్టాలి. కీలు ఎముక మీద నొక్కకూడదు.

నాలుగో పని – కిందనుంచి పైకి. పంజా దగ్గర మొదలుపెట్టి తొడ దాకా, అంటే గుండె వైపుకు, మెల్లగా నిమరాలి. పైనుంచి కిందికి గట్టిగా నొక్కవద్దు. ఈ పని చేసేటప్పుడు వేళ్ళ సందులు కూడా చూడాలి. ముల్లు, పిడుదు, పుండు ఉంటే కనబడతాయి.

అయిదో పని – కాలు ఆడించడం. కుక్కను పక్కకు పడుకోబెట్టాలి. ఆడించే కాలు పైకి ఉండాలి. ఒక చేయి కీలుకు పైన, ఇంకో చేయి కీలుకు కింద ఉంచాలి. కాలు గాలిలో వేలాడకూడదు. సైకిల్ తొక్కినట్టు ముందుకు మడవాలి, వెనక్కి చాపాలి. పక్కకు లాగకూడదు. మెలి తిప్పకూడదు. కాలు తనంతట తాను ఎంత వరకు వస్తుందో అంత వరకే. అక్కడ పది అంకెలు లెక్కపెట్టి మెల్లగా వదలాలి. మొదట్లో అయిదుసార్లు. అలవాటయ్యాక పదిసార్లు. ఒక కాలు అయ్యాక ఇంకో వైపు తిప్పి రెండో కాలు.

కాపడం కాక మిగతా పనులన్నీ కలిపి పదిహేను నిమిషాలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

మొదటి రోజుల్లో కోడలు కాగితం చదివేది. అత్త చేసేది. పక్కింటామె గోడ మీదుగా చూసి నవ్వింది.

"ఏమమ్మో! అత్తా కోడళ్ళు కుక్క కాళ్ళు పడుతున్నారే!"

"పదకొండేళ్ళు మా దొడ్డి కాచింది. పది నిమిషాలు కాళ్ళు పడితే తప్పేముంది?" అంది అత్త.

పక్కింటామె నవ్వు ఆపింది. కాసేపు నిలబడి చూసింది.

ఎప్పుడు చేయకూడదు?

పంతొమ్మిదో రోజు సాయంత్రం అత్త చేయి ఎడమ తొడ మీద ఆగింది.

"ఇక్కడ వేడిగా ఉందే" అంది.

కోడలు పట్టి చూసింది. "కుక్క ఒళ్ళు ఎప్పుడూ వేడే కదా అత్తా" అంది.

నిజమే. మన ఒంటి వేడి సుమారు 98.6 డిగ్రీలు. కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుంది. మంచి ఆరోగ్యంతో ఉన్న కుక్క కూడా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. మరి తేడా ఎలా తెలుస్తుంది? రెండు కాళ్ళూ పట్టి చూడాలి. ఒకటి ఎక్కువ వేడి, ఒకటి తక్కువ వేడి అయితే ఏదో ఉన్నట్టు.

ఇద్దరూ రెండు తొడలూ పట్టి చూశారు. ఎడమది ఎక్కువ వేడి. కొంచెం వాపు. కోడలు కాగితం తీసింది. చివర ఇలా ఉంది:

"జ్వరం, వేడిగా ఉన్న వాపు, తెరిచిన పుండు, విరిగిన ఎముక, కొత్తగా పట్టిన గడ్డ, వాంతులు ఉంటే మర్దన చేయవద్దు. కాపడం పెట్టవద్దు. ఉన్నట్టుండి కాళ్ళు పడిపోతే ఆలస్యం చేయవద్దు. డాక్టరుకు చూపండి."

మరునాడే ఆసుపత్రికి పోయారు. వాపులో చీము ఉంది. డాక్టరమ్మ చీము తీసింది. లోపల విరిగిన తుమ్మ ముల్లు ముక్క దొరికింది. "ఆ వాపును గట్టిగా పిసికి ఉంటే చీము లోపలికి పాకేది. చేయి పెట్టారు కాబట్టే ఇంత త్వరగా తెలిసింది. చేయి తీశారు కాబట్టే బతికిపోయింది" అంది.

పుండు మానేదాకా ఆ కాలు ముట్టుకోలేదు. భుజాలు, వీపు మాత్రం నిమిరారు.

ఈ మాట మరిచిపోవద్దు

ఈ పనులన్నీ మనం పెంచిన, మనల్ని ఎరిగిన, టీకా వేయించిన కుక్కకే. వీధి కుక్కకు, కొత్త కుక్కకు చేయకూడదు. పిల్లలను కుక్క దగ్గర ఒంటరిగా వదిలి ఈ పని చెప్పకూడదు.

కుక్క తీరు మారితే అసలే దగ్గరికి పోవద్దు. చొల్లు కారడం, గొంతు మారడం, మింగలేకపోవడం, తూలడం, కారణం లేకుండా కరవడం – ఇవి పిచ్చికుక్క వ్యాధి గుర్తులు కావచ్చు. "గొంతులో ఎముక అడ్డం పడిందేమో" అని నోట్లో చేయి పెట్టి చూడవద్దు. చొల్లులోనే ఆ వ్యాధి ఉంటుంది.

ఏ కుక్క కరిచినా, గీరినా, పుండు మీద నాకినా ఇలా చేయాలి:

వెంటనే కారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. సర్కారు ఆసుపత్రిలో ఈ సూదులు ఉచితం. చీటీ మీద రాసిన తేదీలు చదువుకోవాలి. ఒక్క సూది కూడా తప్పకూడదు. పెంపుడు కుక్క కదా, చిన్న గాటు కదా అని ఊరుకోకూడదు. వ్యాధి బయటపడిన తర్వాత బతకడం దాదాపు లేదు. ముందే సూది వేయించుకుంటే భయం లేదు.

కోడలి పుస్తకం

కోడలు ఒక నోటు పుస్తకం పెట్టుకుంది. రోజూ ఒకటి రెండు మాటలు రాసేది. తప్పులు పోయేవి. కొట్టేసి మళ్ళీ రాసేది.

1వ రోజు – లేవలేదు. ఇద్దరం లేపినాం.
6వ రోజు – బొంత పట్టీ వేసి లేపినాం. పది అడుగులు నడిచింది.
13వ రోజు – ఒక్కతే లేచింది. మళ్ళీ కూర్చుంది.
19వ రోజు – ఎడమ తొడ వేడి. వాపు. ఆపినాం.
30వ రోజు – వేప చెట్టు దాకా పోయి వచ్చింది.
41వ రోజు – చలి ఎక్కువ. లేవలేదు. కాపడం పెట్టినాక లేచింది.

పొట్ట కింద బొంత చుట్టి, రెండు కొనలూ పైకి పట్టుకొని లేపడం డాక్టరమ్మ నేర్పిన ఉపాయమే. అలా చేస్తే వెనక కాళ్ళ మీద బరువు పడదు.

ఇంకా కొన్ని చిన్న మార్పులు చేశారు. రాజు పడక చలి నేల మీద నుంచి మార్చారు. రెండు గోనె సంచుల్లో వేరుశనగ పొట్టు కుక్కి, మీద బొంత పరిచారు. ఒక్కసారిగా దూరం నడిపించడం మానేశారు. రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం నడిపించారు. సంగటి ముద్ద కాస్త తగ్గించారు. ఒంటి బరువు తగ్గితే కీళ్ళకు హాయి.

రాజు మళ్ళీ కుర్రకుక్క కాలేదు. గొర్రెల వెంట గుట్టకు పోలేదు. ఒకరోజు బాగుంటే ఒకరోజు బాగుండేది కాదు. కొడుకు ఒక కూనను తెచ్చాడు. దాన్ని రాజు పక్కనే కట్టాడు.

ఒకనాటి రాత్రి రాజు మొరిగింది. పడక మీద నుంచి లేవకుండానే మొరిగింది. కూన కూడా దాన్ని చూసి మొరిగింది. కొడుకు టార్చి తీసుకొని పరుగెత్తాడు. దొడ్డి కంచె అవతల రెండు కళ్ళు మెరిశాయి. అతని కేక విని చీకట్లో కలిసిపోయాయి. కొడుకు గొర్రెలు లెక్కపెట్టాడు. నలభై ఉన్నాయి.

మరునాడు అత్త పెళ్ళికని పక్క ఊరు పోయింది. కోడలు వేరుశనగ కాయలు ఒలిచే పనికి పోయి పొద్దు గూకినాక వచ్చింది. చూస్తే దొడ్డి ముందు కొడుకు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన గోరువెచ్చని నీళ్ళ చెంబు, పిండిన గుడ్డ. రాజు కాలు అతని చేతుల్లో ఉంది.

కోడలిని చూసి కొంచెం సిగ్గుపడ్డాడు.

"ఎన్నిసార్లు ఆడించాల?" అని అడిగాడు.

"పది. పక్కకు లాగొద్దు" అంది కోడలు.

లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. దీపం కింద కూర్చుని తేదీ రాసింది.

కొత్త మాటలు

కీలు – రెండు ఎముకలు కలిసే చోటు
కందెన – ఇరుసుకు పూసే జిడ్డు
మర్దన – ఒళ్ళు పట్టడం, రుద్దడం
కాపడం – వెచ్చని గుడ్డ పెట్టడం
పిడుదు – పశువుల ఒంటికి పట్టి రక్తం తాగే పురుగు

ఆలోచించి చెప్పండి

1. కోడలు మాత్రల పట్టీని కొంగున ఎందుకు ముడి వేసుకుంది?
2. కుక్క గుర్రుమంటే ఎందుకు కొట్టకూడదు?
3. కుక్క కాలు మామూలు కంటే వేడిగా ఉందని ఎలా తెలుసుకుంటారు?
4. కుక్క కరిస్తే మొదట ఏం చేయాలి? మీ ఊళ్ళో ఏం చేస్తున్నారు?
5. కొడుకు మనసు ఎందుకు మారింది? మీరు ఏమనుకుంటున్నారు?

మీరు చేయండి

మీ ఇంట్లో కుక్క ఉందా? ఆవు, గేదె, గొర్రె ఉందా? దానికి చివరి టీకా ఎప్పుడు వేయించారు? ఆ తేదీ మీ పుస్తకంలో రాయండి. మళ్ళీ ఎప్పుడు వేయించాలో దాని కింద రాయండి. పక్కింటి అక్కకు చదివి వినిపించండి.